కుడివైపు గుర్రం

వెండెల్ క్రౌస్ పేరు మీలో ఎవరూ విని ఉండరు. ప్రతి వేసవీ రోడియోకి వచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్ళు కూడా వినలేదు. వాళ్ళ కళ్ళెదుటే అతను వందలసార్లు గుర్రం మీద దూసుకుపోయాడు, అయినా వినలేదు. మైకు పట్టుకున్నవాడు కోడెను పడగొట్టినవాడి పేరు చదువుతాడు, వాడి ఊరు చదువుతాడు, వాడి చొక్కా మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో అదీ చదువుతాడు. కుడివైపు గుర్రం మీద ఉన్నవాడి గురించి ఒక్క ముక్క అనడు. ఈ విషయమై మైకువాళ్ళతో నేను పోట్లాడాను కూడా. "టైము లేదు మార్వా" అంటారు. ట్రాక్టర్ల ప్రకటన చదవడానికి మాత్రం ఎక్కడ లేని టైమూ ఉంటుంది.

నేను రోడియో సెక్రటరీని. ఊరూరా జరిగే రోడియోలకి, అంటే గుర్రపు రౌతులు పశువులతో తలపడే పోటీలకి, నా ఆఫీసు ట్రైలరు లాక్కుంటూ వెళ్తాను. ఎవరికి ఏ పశువు పడిందో చీటీ తీసి గోడకి అంటిస్తాను, పోటీ రుసుములు వసూలు చేస్తాను, గెలిచినవాళ్ళకి చెక్కులు రాస్తాను. పోటీ నడుస్తున్నంతసేపూ మైకువాడి పక్కన మంచె మీద కూర్చుని స్టాప్‌వాచీ నొక్కుతాను. మా ఆయన పోయాక కూడా ఈ పని మానలేదు. మానేసి ఇంట్లో కూర్చుంటే గోడలు తప్ప ఎవరున్నారు నాతో మాట్లాడటానికి? ఒంటరితనం గురించి నాకెవరూ కొత్తగా పాఠాలు చెప్పక్కర్లేదు. అలాంటి నాకే వెండెల్‌ని చూస్తే జాలేసేది.

అతను చేసే పనేమిటో ముందు చెప్పాలి. గేటు తీయగానే కోడె ప్రాణభయంతో పరుగు లంకించుకుంటుంది. పోటీదారు దానికి ఎడమవైపు గుర్రం మీద వస్తాడు. పరిగెత్తే గుర్రం మీంచి కోడె కొమ్ముల మీదికి దూకి, మడమలు నేలకి తన్నిపెట్టి, మెడ తిప్పి దాన్ని పడేస్తాడు. మొత్తం తతంగం నాలుగైదు సెకన్లు. అయితే కోడెకేం పట్టింది తిన్నగా పోవడానికి? తన మీదికొచ్చే గుర్రాన్ని చూడగానే కుడిపక్కకి తప్పుకుంటుంది. అలా తప్పుకోకుండా ఇంకో గుర్రం మీద ఒకడు కుడివైపున దాన్ని ఒరుసుకుంటూ రావాలి. వాణ్ణి హేజర్ అంటాం. హేజర్ ఒక్క అడుగు ముందుకొస్తే కోడె ఆగిపోతుంది. ఒక్క అడుగు వెనకబడితే అది పక్కకి జారిపోతుంది, దూకినవాడు దుమ్ములో బోర్లా పడతాడు. జనం పడ్డవాణ్ణి చూసి నవ్వుతారు. హేజర్ బాగా చేశాడో చెడగొట్టాడో మాలాంటి పాతకాపులకి తప్ప ఎవరికీ తెలియదు.

వెండెల్‌ది నెబ్రాస్కాలో ఇసుక కొండల వైపు. వయసులో ఉండగా తనూ కోడెల్ని పడగొట్టేవాడు. మోకాలు పోయాక దూకడం మానేసి కుడివైపుకి మారాడు. తండ్రి పోయాక అన్నదమ్ములు పొలం అమ్ముకుంటే, తన వంతుతో ఒక పికప్పు బండీ, గుర్రాల ట్రైలరూ, ఓ ఎర్రటి ఆడగుర్రమూ కొన్నాడు. గుర్రం పేరు జూన్. పెళ్ళి కాలేదు. ఒకసారి అయ్యేలాగే వచ్చింది. ఆ అమ్మాయి జూలైలో ముహూర్తం పెట్టుకుందామంది. జూలైలో మా వాళ్ళకి తల గోక్కోవడానికి తీరిక ఉండదు, పొద్దున ఒక ఊళ్ళో, సాయంత్రం ఇంకో ఊళ్ళో రోడియో ఉంటుంది. నవంబరుకి మార్చమన్నాడు వెండెల్. ఆ అమ్మాయి పెళ్ళికొడుకునే మార్చింది. ఈ సంగతి అతనే నాకు చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం కాఫీ తాగుతూ కూర్చున్నాం.

అలా ఒంటికాయ సొంటికొమ్ములా తిరుగుతున్న మనిషికి డెరిక్ నోవాక్ తగిలాడు. పాతికేళ్ళు కూడా లేని కుర్రాడు, భుజాలు తలుపు పట్టనంత ఉండేవి. బిస్కట్ అని మంచి గుర్రం ఉంది గాని దాన్ని ఊళ్ళు తిప్పడానికి బండి లేదు, కుడివైపుకి మనిషి లేడు. వెండెల్ దగ్గర బండీ ఉంది, జూనూ ఉంది. ఇద్దరూ నా ట్రైలరు ముందే బేరం మాట్లాడుకున్నారు. డీజిల్ చెరిసగం, గెలిచిన దాంట్లో హేజర్‌కి మామూలుగా ఇచ్చే వాటా. కాగితం లేదు, కలం లేదు. చేతులు కలిపి వెళ్ళి రెండు గుర్రాల్నీ ఒకే ట్రైలర్లో ఎక్కించారు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగారు. శీతాకాలం చివర టెక్సస్, వసంతంలో ఓక్లహోమా, జూలై అంతా వయోమింగ్, మోంటానా. ఏ రోడియోకి పేరిచ్చుకోవాలి, ఏది వదులుకోవాలి అనేదే ఈ వ్యాపారంలో సగం తెలివి. బహుమతి పెద్దదని అయిదువందల మైళ్ళు పోతే ఆ డీజిల్‌కీ, గుర్రాల దాణాకీ అది చాలదు. డెరిక్ ఫోనులో పేర్లిచ్చేవాడు. ఎక్కడ గుర్రాల్ని దింపి నీళ్ళు పెట్టొచ్చు, ఏ కనుమ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుంది, ఏ ఊరి సంతమైదానంలో రాత్రికి పాక అద్దెకిస్తారు, ఇవన్నీ వెండెల్ చూసుకునేవాడు. డెరిక్ వసపిట్ట. ఎదురుగా వచ్చే లారీ నుంచి తాను చిన్నప్పుడు పెంచిన పంది దాకా అన్నిటి గురించీ మాట్లాడేవాడు. వెండెల్ దగ్గర మాట పొదుపు. రేడియోలో వాతావరణమూ, గోధుమ ధరా వినాలంటాడు. పొలమే లేని మనిషికి గోధుమ ధర ఎందుకని డెరిక్ ఏడిపించేవాడు. ఏ ఊరొచ్చినా ఇద్దరూ తగువాడుకుంటూనే నా కిటికీ దగ్గరికొచ్చేవాళ్ళు. వాళ్ళొచ్చారంటే నాకు ముఖం చూడకుండానే తెలిసిపోయేది.

డెరిక్‌కి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. భార్య షెల్బీ నెమ్మదైన మనిషి, కానీ నెమ్మదికీ ఒక హద్దుంటుంది. ఒక వసంతంలో ఆమె తేల్చి చెప్పింది. ఈ ఏడు నువ్వు లాస్ వేగాస్ వెళ్తే సరే, లేకపోతే వచ్చి మా నాన్న గ్యాస్ బండి నడుపు, పిల్లలకి నీ ముఖం గుర్తుండాలి అంది. డెరిక్ ఒప్పుకున్నాడు. వేగాస్ అంటే డిసెంబరులో జరిగే ఫైనల్స్. సెప్టెంబరు ఆఖరు దాకా ఏడాదంతా ఎవరు ఎక్కువ డబ్బు గెలిచారో, ఆ మొదటి పదిహేనుమందికే అక్కడ చోటు. మా దగ్గర మార్కులు ఉండవు, డబ్బే మార్కు.

ఈ సంగతి వెండెల్ నాకు మే నెలలో చెప్పాడు. కిటికీకి మోచేతులానించి, టోపీ నుదుటి మీదికి లాక్కుని, ఎవరో మూడో మనిషి సంగతి చెప్తున్నట్టు చెప్పాడు.

"నీకింకో కుర్రాడు దొరక్కపోడులే" అన్నాను.

"పనికి దొరుకుతారు" అన్నాడు.

నాకు అర్థమైంది. ఆ వేసవంతా డెరిక్ గెలవాలని నేనెంత కోరుకున్నానో చెప్తే సెక్రటరీ ఉద్యోగం ఊడుతుంది. మాకు ఒకరి పక్షం ఉండకూడదు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం సౌత్ డకోటాలో ఒక చిన్న ఊళ్ళో రోడియో. ఏడాదిలో అదే చివరి అవకాశం. డెరిక్ సరిగ్గా పదిహేనో స్థానంలో ఉన్నాడు. పదహారో వాడు లేన్ హాడ్లీ, ఐడహో కుర్రాడు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఒక మంచి జీను ధర కూడా ఉండదు. ఇద్దరూ ఆ మధ్యాహ్నం నా రోడియోలోనే పడ్డారు. హాడ్లీ డెరిక్ కంటే పైన వస్తే హాడ్లీ వేగాస్‌కి, డెరిక్ గ్యాస్ బండికి. అది గుర్రాల దగ్గరున్న ప్రతివాడికీ తెలుసు.

హాడ్లీ వచ్చాడు గాని అతని గుర్రాలు రాలేదు. పొద్దున ఇంకో ఊళ్ళో పోటీ చేసి వస్తుంటే దారిలో ట్రైలరు ఇరుసు విరిగింది. హేజర్ని గుర్రాల దగ్గర వదిలేసి, ఎద్దుల మీద స్వారీ చేసే కుర్రాళ్ళెవరో కారు ఆపితే అందులో ఇరుక్కుని వచ్చాడు. ఒంటి మీద బట్టలూ, భుజాన సంచీ తప్ప ఇంకేం లేవు. దిగి తిన్నగా డెరిక్ దగ్గరికి నడిచాడు.

గుర్రం అడిగినవాడికి లేదనకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు, మా వాళ్ళలో ఎవరూ తప్పరు. తనతో పోటీ పడేవాడైనా సరే, తన నోటి దగ్గర కూడు లాక్కునేవాడైనా సరే, నా గుర్రం నీ గుర్రం లాంటిదే అనాలి. బయటివాళ్ళు వింటే పిచ్చిపని అంటారు. పిచ్చిపనే. అయినా డెరిక్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బిస్కట్ కళ్ళెం హాడ్లీ చేతికిచ్చి, అది మొదటి అంగలో కాస్త ఎడమకి వాలుతుంది, కంగారుపడకు, దాన్ని పోనీ అని కూడా చెప్పాడు. నేను నా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ మాట చెప్పకపోతే ఏం పోయిందిరా అనుకున్నాను.

ఆ తర్వాత హాడ్లీ టోపీ తీసి వెండెల్ ముందు నిలబడ్డాడు. "వెండెల్ గారూ, మీరు కూడా రావాలి. ఇంకెవరి గుర్రమూ బిస్కట్‌తో కలిసి పరిగెత్తదు" అన్నాడు.

వెండెల్ డెరిక్ వైపు చూశాడు. డెరిక్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. వెండెల్ సరేనన్నట్టు తల ఊపి, జూన్ పొట్టకింద పటకా బిగించడానికి వంగాడు.

కాసేపటికి నా దగ్గరికొచ్చి, గోడ మీద అంటించిన చీటీ చదువుతూ నిలబడ్డాడు. హాడ్లీకి పడ్డది తెల్లమచ్చల కోడె. వేసవంతా దాన్ని చూశాం. గేటు దాటగానే కుడికి కొట్టుకుపోయే రకం. దాన్ని పడగొట్టడం అంటే దూకేవాడి చేతిలో ఉన్నది తక్కువ, హేజర్ చేతిలో ఉన్నది ఎక్కువ.

"ఆ మచ్చలదాని సంగతి నీకు తెలుసుగా" అన్నాను.

"తెలుసు."

"అయితే మరి అంతా నీ చేతిలోనే ఉంది" అన్నాను. నేను మంచిదాన్నని ఎప్పుడూ చెప్పుకోలేదు. వెండెల్ నా ముఖంలోకి చూశాడు, కోపంగా కాదు, దారి అడుగుతున్నవాడిలా చూశాడు. తర్వాత జూన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ముందు డెరిక్ వంతు వచ్చింది. వెండెల్ కుడివైపున గీత గీసినట్టు వచ్చాడు. డెరిక్ నాలుగున్నర సెకన్లలో కోడెను మట్టి కరిపించాడు. అప్పటికి అదే అందరికంటే తక్కువ సమయం. జనం కేకలు వేశారు. డెరిక్ టోపీ ఏరుకుని దుమ్ము దులుపుకుంటూ కంచె దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. మధ్యలో ఇంకొందరు వచ్చారు, పడ్డారు, పోయారు. ఎవరూ డెరిక్ సమయాన్ని అందుకోలేదు.

హాడ్లీ బిస్కట్ మీద, గేటుకి ఎడమపక్క గుర్రం నిలిచే గదిలోకి వెళ్ళాడు. వెండెల్ జూన్ మీద కుడి గదిలోకి వెళ్ళాడు. మధ్యలో మచ్చల కోడె. ఒక్క అడుగు వెనకబడితే చాలు. కోడె అలవాటు ప్రకారం కుడికి పోతుంది, పాడు కోడె పడిందిలే అని అందరూ హాడ్లీనే ఓదారుస్తారు. వెండెల్ మీద వేలెత్తి చూపేవాడు భూమ్మీద ఉండడు. డెరిక్ వేగాస్‌కి వెళ్తాడు, వెండెల్ అతనితో వెళ్తాడు, వచ్చే ఏడు మళ్ళీ టెక్సస్ వెళ్తారు. వెనకబడు నాయనా అని నేను మనసులో అనుకున్నాను. ఇదీ సెక్రటరీ చేయాల్సిన పని కాదు.

హాడ్లీ తల ఊపాడు. గేటు తెరుచుకుంది. కోడె కుడికి తల తిప్పేలోపే జూన్ అక్కడుంది. వెండెల్ రికాబు కోడె పక్కటెముకలకి రాసుకుంటూ పోయింది. అది పోదామన్నా పోవడానికి చోటు లేదు, తాడు కట్టి లాగినట్టు తిన్నగా పరిగెత్తింది. అంత చక్కటి హేజింగ్ నేను ఇన్నేళ్ళలో చూడలేదు. హాడ్లీ కళ్ళు మూసుకుని దూకినా ఆ కోడె పడిపోయేదే. వాచీ ఆపి చూశాను. డెరిక్ కంటే సెకనులో రెండు పదోవంతులు తక్కువ.

మైకువాడు హాడ్లీ పేరు చదివాడు, ఐడహో అన్నాడు, చొక్కా మీద కంపెనీ పేరు చదివాడు.

ఆట ముగిశాక ట్రైలర్లోకొచ్చి చెక్కులు రాశాను. హాడ్లీ గెలిచిన దాంట్లో గుర్రం ఇచ్చినందుకు డెరిక్‌కి వాటా ఉంది, కుడివైపు వచ్చినందుకు వెండెల్‌కి వాటా ఉంది. కానీ అలా వచ్చిన వాటా వేగాస్ లెక్కలోకి రాదు. తాను గెలిచిందే లెక్క. డెరిక్ పదహారోవాడయ్యాడు. నేను చెప్పకుండానే నా ముఖం చూసి తెలుసుకున్నాడు.

వాళ్ళిద్దరూ నా మెట్ల ముందు, జూన్‌కి చెరో పక్కన నిలబడ్డారు. డెరిక్ దాని జూలులో చిక్కులు తీశాడు. చివరికి అన్నాడు: "ఒక మాట అంటాను, కోప్పడకు పెద్దాయనా. నువ్వొక అడుగు వెనకబడతావేమోనని ఆశపడ్డాను."

"నేనూ ఆశపడ్డానురా."

"మరి?"

"జూన్‌కి చెప్పడం మర్చిపోయా."

డెరిక్ నవ్వాడు. నవ్వి, గుర్రం మెడకి ముఖం ఆనించి అలాగే ఉండిపోయాడు. వెండెల్ పటకా విప్పుతూ ఉండిపోయాడు, అప్పటికే విప్పేసినదాన్ని. నేను చూడలేక కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాను.

ఆ తర్వాత జరిగింది షెల్బీ చెప్పగా విన్నాను. వెండెల్ డెరిక్‌నీ బిస్కట్‌నీ ఇంటి దగ్గర దింపాడు. షెల్బీ చిల్లీ అనే మాంసం కూర వండి, దాల్చినచెక్క రోల్స్ చేసి ఉంచింది. వెండెల్ బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు, బాగుందన్నాడు. రెండ్రోజులుండమంటే జూన్‌కి గిట్టల పని ఉందన్నాడు. గిట్టలకి వారం కిందటే కొత్త లాడాలు వేయించాడని డెరిక్‌కి తెలుసు. హాడ్లీ వేగాస్‌కి తన హేజర్నే తీసుకెళ్ళాడు. అతను హాడ్లీకి బావమరిది, అందులో తప్పు పట్టడానికేం లేదు. వెళ్ళేముందు వెండెల్‌కి ఫోన్ చేసి మరీ మరీ కృతజ్ఞతలు చెప్పాడు. డెరిక్ గ్యాస్ బండి ఎక్కాడు. ఇంటిల్లిపాదీ సుఖంగా ఉన్నారు, షెల్బీ కోరింది తప్పని నేనెప్పటికీ అనను.

మచ్చల కోడె కబురు మాత్రం శీతాకాలంలో అన్ని రాష్ట్రాలూ తిరిగింది. సొంత కుర్రాడి నోటి దగ్గర కూడు పోతుందని తెలిసీ అడుగు వెనకబడని మనిషి అని చెప్పుకున్నారు. వేసవి వచ్చేసరికి వెండెల్ కోసం ఎగబడ్డారు. ఏ రోడియోలో చూసినా అతని చుట్టూ కుర్రాళ్ళే. నాక్కూడా, మా అన్నక్కూడా, నా తర్వాత మా బావక్కూడా అని అడిగేవాళ్ళు. జూన్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చి, అందరికీ వచ్చేవాడు. అతని పేరు మీద నేను రాసినన్ని చెక్కులు ఆ ఏడు ఇంకెవరికీ రాయలేదు. నేను సంతోషపడి, ధనవంతుడివయ్యావు, ఇంక నన్ను గుర్తుపడతావా అని ఏడిపించాను.

ఆట అయిపోగానే ఆ కుర్రాళ్ళంతా అతని చేతిలో చెయ్యి కలిపి, టోపీ తాకి, ఎవరి బండి వాళ్ళు ఎక్కేవాళ్ళు. ఎవరికి వాళ్ళకి గుర్రాలున్నాయి, తోడున్నారు. అతనితో పని పడేది ఆ నాలుగైదు సెకన్లకే.

జూలైలో ఒక సాయంత్రం చెక్కులు తీసుకోవడానికి వచ్చాడు. తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, వెళ్ళలేదు. మైదానం ఖాళీ అవుతోంది. అతని పికప్పు ఇంజను నడుస్తూనే ఉంది, వెనక ట్రైలర్లో జూన్ ఒక్కత్తే ఉంది.

"మార్వా, నేను మైల్స్ సిటీ వైపు వెళ్తున్నా. అటు పోయేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు" అన్నాడు.

"పోటీదారులా?"

"ఎవరైనా."

"డీజిల్‌కి ఎంత తీసుకుంటావు?"

"ఏమీ వద్దు" అన్నాడు. టోపీ తీసి లోపలికి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మాట్లాడక్కర్లేదు కూడా. పక్కన కూర్చుని నిద్రపోయినా చాలు."

అడిగి చూస్తానన్నాను. చెప్పులేసుకుని మైదానమంతా తిరిగాను. ఎద్దుల కుర్రాళ్ళ కారులో అయిదుగురు ఇరుక్కుని ఉన్నారు, ఆరోవాడు వస్తే వాళ్ళే ఎక్కించుకునేలా ఉన్నారు. పీపాల చుట్టూ గుర్రాల్ని పరిగెత్తించే అమ్మాయిలు ఎవరి బండ్లు వాళ్ళు నడుపుకుంటున్నారు. సరుకు దించి వెళ్ళిపోయే లారీవాణ్ణి కూడా అడిగాను. నేనే వెళ్ళి అతని పక్కన కూర్చుందామని నిజంగా అనిపించింది. మర్నాడు ఇంకో ఆట ఉంది, చీటీలు తీయడానికి నేను తప్ప మనిషి లేదు.

తిరిగొచ్చి, ఎవరూ లేరు వెండెల్ అన్నాను. ఫరవాలేదన్నాడు. అంత అలిసిపోయిన ముఖంతో నాకు థాంక్స్ చెప్పి, బండెక్కి, ఖాళీ సీటు వైపు, కుడిపక్క తలుపు సరిగ్గా పడిందో లేదో చెయ్యి చాపి చూసుకుని, వెళ్ళిపోయాడు.